రెండేళ్ల అనుభవం

యాదమ్మ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసింది. మూడో రోజు గోల్నాకలో వాళ్లింటికి వెళ్లాను. ఇరుకు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గోడకు ఆనించిన ఫోటోలో యాదమ్మ మొహం ఒక్కటే ఉంది. నాకు ఆమె మొహం కంటే చేతులు బాగా గుర్తు. బొటనవేలి కణుపు మీద కాయ కాసి గట్టిపడిపోయిన చేతులు, ఎంత కడిగినా పాలవాసన వదలని చేతులు. "మీ ముచ్చట మస్తు చెప్తుండె మా అత్త," అన్నది కోడలు టీ గ్లాసు అందిస్తూ. "బర్రెను చూసి గజగజ వణికిన పిల్ల విమానమెక్కి పోయి తెల్లోళ్ల ఆవుల పాలు పిండొచ్చిందని నవ్వుతుండె." నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక నవ్వు రాలేదు. నా ఇరవై ఒకటో ఏడు మొత్తం భయంతో గడిచింది. ఆ సంగతి ఎవరికి చెప్పినా నవ్వొచ్చే భాగాలే ఏరి చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మేం తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లం. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం, అమ్మకు ఒక చిన్న బళ్లో టీచరు పని. తార్నాకలో రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున్నే ముందు కిరసనాయిలు స్టవ్ వాసన, తర్వాత కాఫీ వాసన, ఆ తర్వాత నాన్న చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకునే వాసన. ఐదింటికి లేచి ప్రార్థన చేసేవారు. ఎంత చలికాలమైనా మమ్మల్ని దుప్పట్లోంచి లాగి కూర్చోబెట్టేవారు. నేను కళ్లు మూసుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. ఆమెన్ దగ్గర మాత్రం ఎలాగో మెలకువ వచ్చేది. మా చర్చి సంఘానికి ఆయన కార్యదర్శి. ఆదివారం పాస్టరుగారి పక్కన చిన్న బల్ల, దాని మీద మినిట్స్ పుస్తకం, ఆ వెనక నాన్న. ఆరాధన చివర లేచి నిలబడి ప్రకటనలు చదివేవారు. ఎవరి పెళ్లి, ఎవరి ఇంట్లో జబ్బు, ఎవరికి పాప పుట్టింది. అదేమంత పెద్ద పదవి కాదు గానీ, మా అమ్మ ఆ పది నిమిషాలూ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేది.

సాయంత్రాలు మా వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని ఉండేవాళ్లు. దరఖాస్తులు నింపడంలో నాన్నకు పేరు. లాలాపేట నుంచి, మౌలాలి నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆయన పద్ధతి ఒకటుండేది. ప్రతి గడి దగ్గరా పెన్ను ఆపి, "ఇది నిజమేనా అండీ?" అని అడిగేవారు. అవతలి మనిషి కాస్త నసిగితే చాలు, పెన్నుకు మూత పెట్టేసేవారు. "కనుక్కుని రండి, రేపు రాద్దాం" అనేవారు. ఈ చాదస్తం చూసి నాకు ఒళ్లు మండేది. ఒకాయన పుట్టిన ఊరి పేరు తేల్చుకోవడానికి మూడుసార్లు తిరిగాడు. నాన్న ముందు అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ రాలేదు, అలవాటు లేక. ఆయన కాగితం మీద అబద్ధం రాస్తారని కలలో కూడా అనుకోలేదు.

డిగ్రీ అయిపోయింది. క్యాంపస్‌లో ఎమ్మెస్సీ సీటు రాలేదు. నా స్నేహితురాళ్లందరూ అదే రోడ్డు మీద పుస్తకాలు గుండెకు హత్తుకుని క్లాసులకు వెళ్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. మూడు నెలలు అలా గడిచాక ఒక ఆదివారం పాస్టరుగారు చెప్పారు. డెన్మార్క్‌లో ఒక సంఘం వాళ్లు ఇతర దేశాల యువతీ యువకులను పది నెలలు పిలిపించుకుంటారట, అక్కడి రైతుల ఇళ్లల్లో ఉండి పొలం పని, పశువుల పని చెయ్యాలట. చాలా రోజుల తర్వాత ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను. అది చూసే నాన్న ఫారం తెచ్చారు. అమ్మకు ఇష్టం లేదు. "ఈగను చూసి జడుసుకునే పిల్ల, దీన్ని అంత దూరం పంపుతారా?" అంది. ఫారంలో అన్నీ సాఫీగా నిండాయి. 'పశువుల పనిలో అనుభవం' అన్న గడి దగ్గర నాన్న పెన్ను ఆగింది. అనుభవం లేనివాళ్లను తీసుకోరని పాస్టరుగారు ముందే చెప్పారు. నాన్న నావైపు చూశారు. నా కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "మీ తాతయ్య ఇంట్లో సెలవులకు వెళ్లినప్పుడల్లా గేదెల మధ్యే కదమ్మా తిరిగావు," అన్నారు. అవునన్నాను. ఏడేళ్లప్పుడు అక్కడ ఒక గేదె నన్ను తరిమింది. ఆ తర్వాత వాటిని కట్టేసేదాకా నేను మంచం దిగేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు, నన్ను చంకనేసుకుని తిప్పింది ఆయనే. 'రెండేళ్లు' అని రాశారు. కింద తండ్రిగా తన సంతకం చేశారు. మర్నాడు దాన్ని నమ్మి పాస్టరుగారూ సంతకం పెట్టారు.

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన రోజే భయం మొదలైంది. పాల ఆవులున్న ఒక రైతు ఇంటికి నన్ను కేటాయించారు, అనుభవం ఉన్న అమ్మాయి వస్తున్నందుకు వాళ్లకు సంతోషంగా ఉందట. తెలిసిపోతే నన్ను వెనక్కి పంపేస్తారు, అది ఒక ఎత్తు. ఆ కాగితం మీద నాన్న సంతకం ఉంది, అది ఇంకో ఎత్తు. 'ఇది నిజమేనా అండీ' అని ఊరందరినీ అడిగిన మనిషి సంతకం. అది అబద్ధమని మా సంఘంలో తెలిస్తే ఆయన ఆ బల్ల వెనక ఎలా నిలబడతారు? అమ్మ మాత్రం ఒక పని చేసింది. మర్నాడు పాలచెంబుతో పాటు నన్ను కూడా మాకు పాలు పోసే యాదమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

యాదమ్మ కొట్టం క్యాంపస్‌కు అవతల రైలు పట్టాల పక్కన ఉండేది. రేకుల కప్పు, ఎనిమిది గేదెలు, ఒక ఆవు. వాళ్లది భువనగిరి వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం, బావులు ఎండిపోయాక పశువులతో సహా ఇటు వచ్చేశారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి నేను క్యాంపస్ అడ్డంగా దాటి, హాస్టల్ ముందు నుంచి తల దించుకుని నడిచి, పట్టాల దగ్గరికి వెళ్లేదాన్ని. తెలిసినవాళ్లు కనిపిస్తే లైబ్రరీకి అనేదాన్ని. కొట్టంలో అడుగు పెట్టగానే పేడ, పల్లిచెక్క, కుడితి, పచ్చగడ్డి కలిసిన ఘాటు. మొదటి వారం నేను గుమ్మం దాటలేదు.

"గింత భయమేంది బిడ్డా, అది నిన్ను తింటదా?" అనేది యాదమ్మ. "ఎనుక నుంచి పోకు. పక్కపొంటి రా. చెయ్యి ఏసే ముందు మాట్లాడు. నువ్వొచ్చినవని దానికి ఎరుక కావాలె."

"ఏం మాట్లాడాలి?"

"ఏదన్న మాట్లాడు. నీ పరీచ్చల ముచ్చట చెప్పు."

నేను గేదెతో నా కెమిస్ట్రీ మార్కులు చెప్పాను. యాదమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది గానీ, గేదె చెవులు ఆడించి ఊరుకుంది. అలా మెల్లగా దగ్గరికి చేరాను. బొటనవేలు మడిచి పిడికిలిలో చన్ను పట్టడం, పైనుంచి కిందికి వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ముయ్యడం, గుంజకపోవడం. ఆరు వారాల్లో నా వేళ్లు వాచి అన్నం కలపడానికి కూడా వంగేవి కావు. ఒకసారి ఆవు కాలు విదిలిస్తే బకెట్ ఎగిరిపడింది, నేను చెప్పులు వదిలేసి పట్టాల దాకా పరుగెత్తాను. యాదమ్మ ఆ చెప్పులు పట్టుకుని వచ్చి నన్ను వెనక్కి తీసుకెళ్లింది. ఆమె అన్నింటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఒకటే. "ముందుగాల లేగను ఇడువాలె. అది రెండు గుక్కలు తాగితెనే తల్లి చేపుతది. చేపకముందు గుంజితె పాలు రావు, పొదుగు చెడిపోతది. ఇంకేం మర్సినా మంచిదే, గిది మర్వకు." దూడ మూతి తగలగానే తల్లి పొదుగులోకి పాలు దిగడం నేను ఆ కొట్టంలోనే మొదటిసారి చూశాను. ఒక్కో దూడకు ఒక్కో చన్ను వదిలేసేది యాదమ్మ. అది దానిదేనట.

బొంబాయి దాకా నాన్న రైల్లో వచ్చారు. విమానాశ్రయంలో తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యబోయి ఆగిపోయారు. నా సంచి పట్టీ సరిచేశారు, మళ్లీ సరిచేశారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే వెళ్లనని తెలుసు.

కారెన్ అనే ఆమె ఇంట్లో నన్ను దింపారు. యాభై దాటిన మనిషి, భర్త లేడు, బాగా పొడుగు, తక్కువ మాట్లాడేది. ఆమెకు వచ్చిన ఇంగ్లిషు నాకు వచ్చిన ఇంగ్లిషు కంటే తక్కువ, అదొక్కటే నాకు ధైర్యం. ఆమెకు ఇరవై రెండు ఆవులు. వాటి వీపు దాదాపు నా తలంత ఎత్తు. యాదమ్మ గేదెలు వాటి పక్కన మేకల్లా ఉంటాయి. పాలు తియ్యడం మిషన్లతో. నాలుగు గొట్టాలు తగిలిస్తే చాలు, అవే పీల్చేస్తాయి. ఆరు వారాలు వేళ్లు వాచేలా నేర్చుకున్న పిడికిలి పట్టు ఎందుకూ పనికిరాలేదు. మొదటి నెలంతా నాకు పాల డబ్బాలు కడగడం, పాక ఊడవడం, కోళ్లకు మేత వెయ్యడం తప్ప ఏ పనీ ఇవ్వలేదు. తర్వాత మిషన్ తగిలించడం నేర్పింది గానీ, ఆవుల దగ్గర ఆమె ఎప్పుడూ నా పక్కనే ఉండేది. నా మీద అనుమానం వచ్చిందనుకున్నాను. రోజూ ఇవాళ అడుగుతుంది, ఇవాళ అడుగుతుంది అనుకుంటూ లేచేదాన్ని.

భయం ఒక్కటైతే సర్దుకునేదాన్ని. రాత్రి పదైనా పొద్దు కుంకకపోతే భయం. ముట్టుకుంటే షాక్ కొట్టే కంచె అంటే భయం, ఒకసారి కొట్టింది కూడా. ఫోన్ మోగితే భయం, ఎత్తితే అవతలివాళ్ల మాట ఒక్క ముక్క అర్థం కాదు. నాలుగు వైపులా పొలాలు, మనిషి కనపడడు, గాలి మాత్రం ఆగకుండా వీస్తుంది. తార్నాక చౌరస్తాలో బస్సుల మోత తలుచుకుని ఏడ్చేదాన్ని, అదీ స్నానాల గదిలో కుళాయి తిప్పి. నల్లటి గట్టి రొట్టె, దాని మీద వెన్న, ఉడకబెట్టిన బంగాళాదుంప. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసాలోంచి రోజుకు వేలి చివరంత తీసుకునేదాన్ని. పాకలో పులిసిన గడ్డి వాసన, నేల కడిగే మందు వాసన కలిసి నా జుట్టులో ఉండిపోయేవి. కారెన్ రోజుకు నాలుగుసార్లు ఒకే టైముకు కాఫీ తాగేది. ఆ టైములోనే ప్రశ్నలడిగేది. "మీ ఇంట్లో ఎన్ని ఆవులు?" అని ఒకరోజు అడిగింది. ఎనిమిది గేదెలు, ఒక ఆవు అన్నాను. అంటే యాదమ్మ కొట్టం మొత్తం మా ఇంట్లో కట్టేశాను. వాటి పేర్లు చెప్పాను, ఏది ఎన్ని పాలిస్తుందో చెప్పాను. ఆమె కప్పు పట్టుకుని నన్నే చూస్తూ వినేది. ఒక్కోసారి పెదవుల చివర ఏదో కదిలేది. పట్టుబడ్డాననుకుని ఇంకో గేదె గురించి మొదలుపెట్టేదాన్ని.

నాన్న దగ్గర నుంచి వారానికో ఉత్తరం వచ్చేది. ఎండలు, నీళ్ల ఇబ్బంది, విద్యానగర్‌లో మా పిన్ని వాళ్ల కొత్త ఇల్లు. చివర మాత్రం ఎప్పుడూ ఒకే మాట. "తెలియనిది తెలియదని చెప్పమ్మా. అందులో చిన్నతనం లేదు." ఆ మాట చదివితే నాకు ఇంకా భయం వేసేది. ఆయన సంతకం కాపాడడానికే కదా నేను ఇన్ని కోతలు కోస్తున్నది, ఈయనకు అర్థం కాదా అనుకునేదాన్ని.

నాలుగో నెలలో ఒక మొదటి ఈత ఆవు ఈనింది. నేనక్కడికి వెళ్లాక ఈనిన మొదటి ఆవు అదే. కారెన్ దూడను తుడిచి, తల్లి సరిగ్గా నాకనైనా నాకకముందే ఎత్తుకెళ్లి గోడ అవతల వేరే దొడ్లో వేసింది. జున్నుపాలు బకెట్‌లో పట్టి, వేలు నోట్లో పెట్టి తాగించింది. అక్కడ అందరూ అంతేనట. గోడకు ఇటు తల్లి అరుపు, అటు దూడ అరుపు. రెండో రోజు కారెన్ వాళ్ల అక్కకు ఆసుపత్రిలో ఏదో అయ్యిందని ఫోన్ వచ్చింది. వెళ్తూ వెళ్తూ చెప్పింది, మధ్యాహ్నం కొత్త ఆవుకు మిషన్ పెట్టి చూడు, కుదరకపోతే వదిలెయ్, సాయంత్రం నేనొచ్చి చూసుకుంటాను అని. నేను ఆ చివరి మాటను నమ్మలేదు. ఇది పరీక్ష అనుకున్నాను. రెండేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఒక ఆవు పాలు తియ్యడం రాదా?

మిషన్ పెట్టిన ప్రతిసారీ ఆవు తన్ని పడేసింది. ఒక్క చుక్క రాలేదు. పొదుగు కుండంత బిగిసి ఉంది, ముట్టుకుంటే వేడి. ఆవు నా మొహం చూడదు, గోడ వైపు చూసి అరుస్తుంది. అప్పుడు నాకు యాదమ్మ మాట వినిపించింది. నేను గోడ అవతలికి వెళ్లి దూడను విడిచాను. అది తూలుకుంటూ వచ్చి పొదుగులో తల పెట్టిన నిమిషానికి నాలుగు చన్నుల నుంచీ పాలు కారాయి. "చేపింది, చేపింది తల్లీ" అని ఆ పాకలో తెలుగులో అరిచాను. ఆ దేశంలో నాకు భయం లేకుండా గడిచిన మొదటి గంట అదే. రెండు గుక్కల తర్వాత దూడను లాగెయ్యాలని తెలుసు గానీ, యాదమ్మ దూడలు నా మోకాలి ఎత్తు, ఇది నన్నే లాగేసింది. కడుపు పగిలేలా తాగింది. మిగతా పాలు నేను చేత్తో బకెట్ నిండా పిండాను. దూడను మళ్లీ తీసుకెళ్లి దొడ్లో వేశాను. సాయంత్రం కారెన్ వచ్చి బకెట్ చూసి కనుబొమలెత్తింది. ఎలా తీశావంది. చేత్తో అన్నాను. దూడ మాట చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆవు మిషన్‌కు ఒక్క చుక్క ఇవ్వలేదు, గోడ వైపు చూస్తూ బిగబట్టేసింది. దూడ బకెట్ ముట్టలేదు. రెండో రోజుకు తెల్లటి విరేచనాలు పట్టుకున్నాయి, మూడో రోజు లేవలేదు. పశువుల డాక్టరు వచ్చాడు. దీనికి ఎన్ని పాలు పట్టారని అడిగాడు. కారెన్ తను పట్టిన లెక్క చెప్పింది. ఇంకేమైనా తాగిందా అని నా వైపు తిరిగాడు. తెలియదన్నాను. అయితే ఇది అంటువ్యాధి కావచ్చు, రేపటికి తగ్గకపోతే మిగతా దూడలన్నింటినీ చూడాల్సి వస్తుంది అని చెప్పి మందు ఇచ్చి వెళ్లిపోయాడు. దొడ్లో నేను రాకముందు పుట్టినవి ఇంకో ఆరు దూడలున్నాయి. నేను ఆ దూడ పక్కన గడ్డి మీద కూర్చున్నాను. దాని చెవులు చల్లగా ఉన్నాయి. నోరు విప్పితే నన్ను పంపేస్తారు, మా సంఘానికి ఉత్తరం పోతుంది, నాన్న ప్రకటనలు చదువుతుంటే జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. విప్పకపోతే ఇది నా ఒళ్లోనే చచ్చిపోతుంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వంటింట్లోకి ఎలా నడిచానో కూడా గుర్తులేదు.

కారెన్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. దూడను నేనే వదిలాను అన్నాను. కడుపు నిండా తాగింది అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది, కానీ ఆగలేదు. మాకు గేదెలు లేవు, ఆవు లేదు, ఉన్నవి రెండు గదులు, అవి కూడా అద్దెవి, నాకు పశువులంటే చచ్చేంత భయం, ఫారంలో రాసింది అబద్ధం అని అంతా కక్కేశాను. ఆమె ముందు డాక్టరుకు ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక చేతులు తుడుచుకుని, కరెంటు బిల్లులు దాచే సొరుగు తెరిచి ఒక కవరు నా ముందు పెట్టింది. మీద నాన్న దస్తూరి. మూడు మడతలు పెట్టిన కాగితం, ఆఫీసులో పై అధికారికి రాసే ఇంగ్లిషు. 'మా కుమార్తె దరఖాస్తులో రెండేళ్ల అనుభవం ఉన్నట్టు రాసినది నేను. అది వాస్తవం కాదు. ఆమెకు పశువుల పని తెలియదు, వాటిని చూస్తే భయపడుతుంది. పొరపాటు పూర్తిగా నాది. తదుపరి నిర్ణయం తమరిది.' కింద మా పాస్టరుగారి సంతకం కూడా ఉంది.

"నువ్వొచ్చిన మూడో వారంలో వచ్చింది," అంది కారెన్.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సాయం అడుగుతావని చూశాను. నువ్వు ఎనిమిది గేదెల కథలు చెప్పావు. బాగున్నాయి, వినాలనిపించింది."

దూడ బతికింది. రెండు రోజులు పాలు మాన్పించి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టమన్నాడు డాక్టరు. నేనే పట్టాను. ఆ ఆవు మాత్రం చాలా రోజులు మిషన్‌ను దగ్గరికి రానివ్వలేదు. దాని ముందు దూడను కట్టేసి, అది నాకుతూ ఉంటే నేను చేత్తో పిండేదాన్ని. కారెన్ తలుపు దగ్గర నిలబడి చూసేది. ఆ తర్వాత నా భయం పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. కంచె అంటే భయం పోలేదు, ఫోనంటే పోలేదు. కాకపోతే భయమేస్తే భయమేస్తోందని చెప్పేదాన్ని, ఆమె పక్కకు వచ్చి నిలబడేది. నాన్నకు మాత్రం ఈ సంగతి రాయలేకపోయాను. ఆయనా రాయలేదు. మిగతా ఆరు నెలలూ ఎండల గురించి, గాలి గురించి రాసుకున్నాం.

తిరిగొచ్చిన తొలి ఆదివారం అందరం కలిసి ఆరాధనకు వెళ్లాం. పాస్టరుగారి పక్కన బల్ల వెనక ఇంకెవరో ఉన్నారు. ప్రకటనలు ఆయనే చదివాడు, 'కమల క్షేమంగా తిరిగొచ్చింది' అని నా పేరు కూడా చదివాడు. నాన్న కోసం చూస్తే చివరి బెంచీలో, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చుని ఉన్నారు. నాన్నకు ఒంట్లో బాలేదా అని అమ్మ చెవిలో అడిగాను. "బయటికెళ్లాక చెప్తాను" అంది. బయటికెళ్లాక చెప్పింది. నేను విమానమెక్కిన తర్వాతి ఆదివారం నాన్న ప్రకటనలన్నీ చదివి కూర్చోలేదట. "ఇంకొకటి ఉంది" అన్నారట. మా అమ్మాయి ఫారంలో అబద్ధం రాశాను, పాస్టరుగారి చేత దాని మీద సంతకం పెట్టించాను, ఈ బల్ల వెనక నిలబడడానికి తగను అని చెప్పి, మినిట్స్ పుస్తకం మూసి నడిచి వెళ్లి చివర కూర్చున్నారట. పాస్టరుగారు ఎంత చెప్పినా మళ్లీ ముందుకు రాలేదు. "నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు, తెలిస్తే మధ్యలోనే తిరిగొచ్చేస్తావని," అంది అమ్మ.

నాకు ముందు వచ్చింది కోపం. నేనక్కడ దేని కోసం నాలుగు నెలలు వణికానో దాన్ని ఈయన మొదటి వారంలోనే తీసి కింద పెట్టేశారు. సాయంత్రం నాన్న క్యాంపస్‌లోకి నడకకు వెళ్తుంటే నేనూ బయల్దేరాను. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎవరికీ తెలిసేది కాదు కదా నాన్నా. అందరి ముందూ ఎందుకు చెప్పారు? అంత నిజాయితీ అవసరమా?"

"నిజాయితీ ఏంటమ్మా," అన్నారు. ఇంకో పది అడుగులు నడిచారు. "నాకు భయమేసింది. బొంబాయి నుంచి వచ్చేటప్పుడు రైల్లో కన్ను మూత పడలేదు. వాళ్లు నీకు పని వచ్చనుకుంటారు. నిన్నొక్కదాన్నే ఆవు దగ్గరికి పంపుతారు. అది కడుపులో తంతుంది. నీకు రాదని వాళ్లకు చెప్పేవాళ్లు అక్కడెవరున్నారు? నువ్వేమో చెప్పవు, నా సంతకం ఉందని."

"అయితే ఉత్తరం రాస్తే సరిపోయేది."

"నా ఒక్కడి మాట చాలదు, ఆ ఫారం మీద పాస్టరుగారి సంతకమూ ఉంది. ఉత్తరం మీద కూడా ఆయన సంతకం ఉంటేనే వాళ్లు నమ్ముతారు. ఒంటరిగా వెళ్లి అడిగితే, పోనీలెండి రత్నంగారూ, ఇంత దూరం వచ్చాక ఎందుకు, సంఘం పరువు పోతుంది అని నాకు నచ్చజెప్పేవారు. నేనూ సరేననేవాణ్ణేమో. అందరి ముందూ చెప్పేస్తే ఇక ఆయన ఆపలేరు, నేనూ వెనక్కి పోలేను. ఆ రోజు మధ్యాహ్నమే ఉత్తరం వెళ్లింది."

చెప్పుల చోటు పక్కన ఆయన కూర్చున్న బెంచీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆయన నా సంచి పట్టీ సరిచేసినట్టే నా చున్నీ భుజం మీదికి సర్ది, "చీకటి పడుతోంది, అమ్మ చూస్తుంటుంది" అన్నారు.

యాదమ్మ కొట్టం ఉన్నచోట ఇప్పుడు గోడ ఉంది, గోడ అవతల అపార్టుమెంట్లు. చదువులకూ పనులకూ దేశాలు దాటి వెళ్లే పిల్లలు ఎక్కడున్నారో, ఏం తిన్నారో ఫోన్‌లో అప్పటికప్పుడు కనపడుతోంది. మా అమ్మాయి బెంగుళూరులో ఉంటేనే రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాను. నాన్నకు ఒక ఉత్తరం వెళ్లి ఇంకో ఉత్తరం రావడానికి నెల పట్టేది. ఆ నెల ఆయన ఎలా గడిపారో నేను అడగలేదు. అడగాల్సిన వయసు నాకు వచ్చేసరికి ఆయన లేరు.

అమ్మ ఆయన కంటే ముందే పోయింది. నాన్న సమాధి కార్యక్రమం రోజున కొత్త పాస్టరుగారు చాలాసేపు మాట్లాడారు. సత్యం కోసం నిండు సంఘం ముందు తన స్థానాన్ని వదులుకున్న మనిషి, ఇలాంటి నిజాయితీ ఇప్పుడెక్కడుంది అన్నారు. పెద్దవాళ్లందరూ కళ్లు తుడుచుకుంటూ తలలూపారు. నేనూ ఊపాను. కూతుర్ని ఆవు తంతుందని ఆయన భయపడ్డారని అక్కడున్న వాళ్లలో నాకొక్కదానికే తెలుసు.